ముప్ఫై రెండో వారం

ఆదివారం పదకొండింటికి
చిక్కడపల్లి లైబ్రరీ వెనక గదిలో
పన్నెండు కుర్చీలు వేశారు.
పదహారుమంది వచ్చారు.
కొందరు కిటికీ అరుగు మీద,
ఒకాయన తన హెల్మెట్ మీదే సర్దుకున్నాడు.

నా సీరియల్ ముప్ఫై ఒకటో వారం దగ్గర ఆగి ఉంది.
వారాసిగూడలో మేడమీద గది, రాత్రి రెండింటివేళ,
సులోచన తలుపు ఎవరో కొట్టారు.
మూడుసార్లు, మెల్లగా.
కింద చిన్న అక్షరాల్లో: మిగతా వచ్చేవారం.

మంగళవారం సాయంత్రానికి ప్రెస్సుకు ఇవ్వాలి.
నా దగ్గర ఒక్క లైనూ లేదు.
ఈ సంగతి గదిలో ఎవరికీ తెలియదు.

"ఎవరొచ్చిన్రు మేడం?"
ముషీరాబాద్ డిపోలో రిటైరైన కండక్టర్ బుచ్చిలింగం,
ఒక్కో వారం కత్తిరించి
సూదీదారంతో కుట్టుకుని తెచ్చాడు.
"మొగడేనా? మొగడైతే నేను సదువుడు బంద్."

నవ్వి, టీ తాగాను.
సీరియల్ రాసేవాళ్ళకు తెలిసిన జవాబులు ఆ రెండే.

నిలోఫర్‌లో నైట్ డ్యూటీ దిగి వచ్చిన ఫిలోమినా
"ఆమెను చంపకండి" అంది. అంతే.
కుర్చీలోనే నిద్రపోయింది.

అజ్మత్ అనే డిగ్రీ కుర్రాడు
సులోచన పచ్చళ్ళ అంగడి బాకీ మొత్తం కూడుకొచ్చాడు.
"పదకొండొందలు తేడా వస్తోంది మేడం."

ఆ తర్వాత లేచాడు హెల్మెట్ మీద కూర్చున్నాయన.
"నాలుగో వారంలో ఆమెకు ఎడమ చెవి వినబడదు.
ఇరవై ఏడో వారంలో ఎడమ చెవికి ఫోను పెట్టుకుని
గంటసేపు మాట్లాడింది."

ఫ్యాను చప్పుడు ఒక్కటే.
నాలుగో వారం వానల్లో రాశాను,
ఎండలొచ్చేసరికి ఆ చెవి ఎక్కడో పారేసుకున్నాను.
తప్పు నాదేనండీ, అనబోయాను.

కిటికీ దగ్గర ఒక పెద్దావిడ.
రామ్‌నగర్‌లో జాకెట్లు కుడుతుందట, పేరు అండాలమ్మ.
ఇందాకట్నుంచి చెవికి అరచెయ్యి అడ్డం పెట్టి
"ఏందీ? ఏమన్నరు?" అని పక్కవాళ్ళను అడుగుతున్నది.

"తప్పెందుకైతది బిడ్డా?
ఆమెకు మొదటిసంది ఇనవడ్తనే ఉంది.
ఇనవడదని జెప్పుకుంది.
ఎడమదిక్కు మొగడు పండుకుంటడు గద.
చెవిటిదనుకుంటెనే ఇంట్ల నిజం మాట్లాడ్తరు.
బాకీ సంగతి, రెండో కాపురం సంగతి
గట్లనే తెలిసె ఆమెకు.
నువ్వే రాసి, మర్శినవా?"

రాయలేదు. ఒట్టు, నేను రాయలేదు.

బుచ్చిలింగం కుట్టిన కట్ట తిరగేసి అరిచాడు:
"అవు! పదకొండో వారంల
ఎడమదిక్కు కుక్కర్ కూతేస్తే ఉలిక్కిపడ్డది!"
ఫిలోమినా కళ్ళు తెరిచి "పోయిందా?" అంది.
అజ్మత్ లెక్కల కాగితం మీద గీత కొట్టాడు.
"పదకొండొందలు దాచుకుంది మేడం,
మొగుడికి చెప్పకుండా!"

ముప్ఫై ఒక్క వారాల నా మతిమరుపు
నా కళ్ళముందే
సులోచన తెలివి అయిపోయింది.
నేను అంతా ముందే తెలిసినదానిలా తలూపాను.
తలూపడంలో నాకు ఇరవై ఏళ్ళ అనుభవం.

"మరి తలుపు కొట్టిందెవరు?" వదలడు కండక్టర్.

"ఎవరైతేంది," అంది అండాలమ్మ.
"కుడిచెవి దిండుకానించి పండుకుంది గద.
పక్కన మొగడు మేల్కొనే ఉన్నడు.
ఆమె లేస్తదా, లేవదా?
గది జెప్పు."

గదిలో ఎవరూ మాట్లాడలేదు.
నా టీ మీద మీగడ కట్టింది.

అందరూ వెళ్ళాక చూస్తే
కిటికీ అరుగు మీద కళ్ళజోడు పెట్టె.
మెట్లు దిగి రోడ్డుమీదికి వచ్చాను.
ఆర్టీసీ క్రాస్ రోడ్స్ వైపు ఒకదాని వెనక ఒకటి బస్సులు,
చెరుకురసం బండి గజ్జెలు.
పదడుగుల దూరంలో ఆమె వీపు.

"అండాలమ్మా," అన్నాను,
నాకే సరిగ్గా వినపడనంత మెల్లగా.

తిరిగింది.

నా మొహం చూసింది.
అప్పుడు, అప్పుడే,
చెయ్యి చెవి దగ్గరికి పోయింది.

"ఏందీ?"